మైకు ఆపిన ఇరవై మూడు మెట్లు

1954వ సంవత్సరం. ఆంధ్ర రాష్ట్రం విడిపోయి అప్పటికి ఇంకా ఏడాది నిండలేదు. గుడియాత్తంలో ఏ టీ అంగడి దగ్గర నలుగురు చేరినా, ఏ ఊరు ఏ వైపు పోతుందన్నదే మాట. చిత్తూరు అటు, వేలూరు ఇటు, నడుమ తెలుగు మాట్లాడే మావాళ్లు. ఆ ఊళ్లోని ఒక సినిమా థియేటరులో నేను రెండో ఆపరేటరుని. ఆపరేటరంటే ప్రొజెక్టరు గదిలో ఉండి తెర మీద బొమ్మ వేసేవాడు. ఆ తర్వాత ఇంకో ముప్పై ఏళ్లు అదే పని చేశాను. ఎన్నో బొమ్మలు నా చేతుల మీదుగా పోయాయి. కానీ ఆ ఏడు వానల్లో వచ్చిన ఒక ఇంగ్లీషు బొమ్మ పేరెత్తితే చాలు, ఈ వయసులో కూడా కుర్చీలోంచి లేచి నిలబడతాను. అది కూలి పుచ్చుకొని మనుషుల్ని చంపే ఒకడి కథ. నా దేవుడి మీద నాకున్న భక్తిని ఆ హంతకుడి బొమ్మ పెంచిందని చెబితే కొందరికి కోపం రావచ్చు. జరిగింది చెబుతాను.

నాకు ఇంకో పని కూడా ఉండేది. ప్రతి ఆదివారం వేలూరులో మా చర్చిలో తెల్ల పాదిరి దొరగారి ప్రసంగాన్ని తెలుగు చేయడం. ఆయన ఇంగ్లీషులో ఒక మాట చెప్పి ఆగుతారు. ఆయన ఆగడమే నాకు గుర్తు. వెంటనే నేను అందుకోవాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే సంఘమంతా తలలెత్తి నావైపు చూసేది. మా సంఘంలో అందరూ తెలుగు మాట్లాడేవాళ్లే, చదవగలిగినవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్క. పాటల పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకొని ఒక్క అక్షరం తప్పకుండా పాడే ముసలమ్మలు ఉండేవాళ్లు. మా అమ్మ వాళ్లలో ఒకతె. వాళ్లకు దేవుడి వాక్యం చేరేది నా నోటి గుండానే. వేదిక పక్కన నేను నిలబడే ఆ రెండడుగుల చోటు నాకు ఉద్యోగం కంటే పెద్దది.

సినిమా పనివాడు వేదిక పక్కన నిలబడటమేమిటని గొణిగేవాళ్లు లేకపోలేదు. సంఘ పెద్ద దేవసహాయం మేస్త్రీ వాళ్లకు సర్దిచెప్పేవాడు. "వాడు మిషను తిప్పుతాడప్పా, బొమ్మ చూడడు" అనేవాడు. ఆయన తాపీ మేస్త్రీ. నిఖార్సయిన మనిషి. అంత నమ్మకంగా చెప్పిన మాటను నేనూ సరిదిద్దలేదు.

ఆ వారం రావలసిన తమిళ బొమ్మ రాలేదు. దాని బదులు రైల్లో ఒక ఇంగ్లీషు బొమ్మ పెట్టెలు దిగాయి. కొత్త బొమ్మ రాగానే ఆపరేటరు చేసే మొదటి పని, రీలును చేత్తో తిప్పుతూ ఎక్కడ చిరిగిందో వేళ్లతో తడిమి అతికించడం. అలా తిప్పుతూ ఒక ముక్కను దీపానికి ఎదురుగా పట్టుకున్నాను. గోడ మీద ఒక మనిషి నీడ. టోపీతో సహా మనిషికి మూడింతలుంది. మనిషి మాత్రం ఒక మూలన చిన్నగా, తన నీడను చూసి తానే భయపడినట్టు ఉన్నాడు. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"భాయీ, ఇది చూడు" అన్నాను.

మొదటి ఆపరేటరు మస్తాన్ భాయి నాకు పని నేర్పినవాడు. కళ్లద్దాలు పైకి తోసి చూసి, "అరే జీవా, దీంట్లో నలుపే ఎక్కువుండాది. జనం మనల్ని తిడతారు చూడు" అన్నాడు.

ఆ పొద్దున ఖాళీ హాల్లో మేమిద్దరమే బొమ్మంతా వేసుకొని చూశాం.

కథ చిన్నది. వాన పడుతున్న ఒక పట్నం. అక్కడ ఒకడు. ఎవరైనా ఒక ఫోటో తెచ్చి ఇస్తే, ఫోటోలో ఉన్నవాడు వారం తిరక్కముందే చచ్చిపోతాడు. ఒకసారి అతనికి ఒక ముసలి గుమస్తా ఫోటో వస్తుంది. ఆ ముసలివాడు పెద్దవాళ్ల నేరమొకటి చూసి, ఒక పాత మేడ పై గదిలో దాక్కొని ఉంటాడు. హంతకుడు అదే మేడలో కింది గది అద్దెకు తీసుకుంటాడు. పైనుంచి రాత్రంతా దగ్గు వినిపిస్తూ ఉంటుంది. మొదట అతనికి చిరాకు. తర్వాత అలవాటు. ఒకనాడు దగ్గు వినిపించదు. మంచం మీద లేచి కూర్చుంటాడు. చంపడానికి వచ్చినవాడే, ఆ మనిషి చచ్చిపోయాడేమోనని కంగారు పడతాడు! గిన్నెలో వేడినీళ్లు తీసుకొని పైకి పోయి తలుపు తడతాడు. ఎంత పెద్ద ఆలోచన ఇది! నా పొరుగువాడు ఎవడని బైబిల్లో ధర్మశాస్త్రి యేసును అడిగిన ప్రశ్నను నేను ఎన్ని ఆదివారాలు తెలుగు చేశానో లెక్కలేదు. కానీ ఆ వేడినీళ్ల గిన్నెతో అతను తలుపు ముందు నిలబడినప్పుడు, ఆ ప్రశ్న మొదటిసారి నన్నే అడిగినట్టు అనిపించింది.

చివరికి కబురు వస్తుంది: పని ముగించు. అప్పుడు మెట్లు. కింది గది నుంచి పై గదికి ఇరవై మూడు మెట్లు. చేతిలో తుపాకి. మాట లేదు, వాద్యం లేదు. మెట్ల పక్క కటకటాల నీడలు అతని ముఖం మీద ఒక్కొక్కటే పడి పోతుంటాయి, జైలు అతనితో పాటు మెట్లెక్కుతున్నట్టు. పైన తలుపు దగ్గరికి చేరతాడు. లోపల దగ్గు. తుపాకి జేబులో పెట్టుకొని తలుపు తడతాడు, పెరటి దారిన పొమ్మని ముసలివాడికి చెబుతాడు. తాను వచ్చిన దారినే దిగి వీధిలోకి పోతాడు. అక్కడ అతన్ని పంపినవాళ్లే నిలబడి ఉంటారు. చప్పుడు వినిపిస్తుంది, పడటం కనిపించదు. మనకు కనిపించేది పై కిటికీ ఒకటే. దీపం ఆరి ఉంటుంది. అంటే ముసలివాడు తప్పించుకున్నాడు.

రీలు అయిపోయి తెర తెల్లబడింది. మస్తాన్ భాయి కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. నేను కంచు గంటలా మోగుతున్నాను.

థియేటరు ముదలాళికి మాత్రం దిగులు. ముదలాళి అంటే యజమాని. ఈ ఊళ్లో ఇంగ్లీషు ఎవరికి అర్థమవుతుంది?

"ఏమప్పా జీవరత్నం" అన్నాడు, "ఆదివారం దొర మాటల్ని తెలుగు చేస్తావంట గదా. శనివారం వరకు ఈ దొంగ మాటల్ని చెయ్యి. కొంచెం తమిళం, కొంచెం తెలుగు. మైకు ఇస్తా."

అప్పట్లో ఇంగ్లీషు బొమ్మలకు అలా మైకులో కథ చెప్పడం అక్కడక్కడా ఉండేది. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఇంత మంచి ఉపమానాన్ని జనానికి చేర్చే పని నాకు దొరికింది! చర్చి సంగతి ఆ క్షణంలో గుర్తుకు రానే లేదు.

బుధవారం మ్యాటినీ. వాన వల్ల కట్టుబడి పనులు ఆగి, మేస్త్రీ కూలీలు చాలామంది వచ్చారు. మస్తాన్ భాయి మిషను దగ్గర, నేను పక్క కిటికీ దగ్గర మైకుతో. బొమ్మ మొదలైన ఐదు నిమిషాలకే కింద నుంచి కేకలు.

"యోవ్, కార్బన్ పెట్టు! కార్బన్!"

కార్బన్ అంటే ప్రొజెక్టరులో వెలుగు కోసం మండించే కడ్డీ. కొన్ని థియేటర్లలో అది త్వరగా అరిగిపోకుండా వెలుగు తగ్గించి వేసేవాళ్లు. బొమ్మలోని చీకటిని మా పిసినారితనం అనుకున్నారు జనం. మస్తాన్ భాయికి రోషం వచ్చింది. "చెప్పిన్నా లేదా నేను! మైకులో చెప్పు వాళ్లకి, కడ్డీ కొత్తదే, బొమ్మలోనే మబ్బని" అన్నాడు. చెప్పాను. నవ్వారు.

తర్వాత భాష గొడవ. ఒక మాట తమిళంలో చెబితే వెనక బెంచీలు "తెలుగులో చెప్పప్పా!" అంటాయి. తెలుగులో చెబితే ముందు నేల "తమిళ్ల సొల్లు!" అంటుంది. "ఈ హాలు యా రాష్ట్రంలో ఉండాదో ముందు తేల్చండ్రా" అని ఎవడో అరిచాడు. సగం వాక్యం అటు, సగం ఇటు వేస్తూ ఎలాగో నెట్టుకొచ్చాను. వేడినీళ్ల గిన్నె దగ్గర హాలు మెత్తబడింది. నా గుండె పొంగింది.

మెట్ల ఘట్టం వచ్చింది. తెర మీద మాటలు ఆగాయి.

ఆగడమే నాకు గుర్తని చెప్పాను కదా. ఎన్నో ఏళ్ల అలవాటు. ఎదుటివాడు ఆగితే నేను మాట్లాడాలి. అందుకున్నాను. "ఇప్పుడు ఎక్కుతా ఉన్నాడు. ఒక మెట్టు. ఇంకో మెట్టు. పాపం ఎక్కుతా ఉంది సోదరులారా!" అంతటితో ఆగానా? వాక్యం మీద వాక్యం చదివాను. బైబిల్లో తమ్ముణ్ణి పొలంలో చంపినవాడి దగ్గర మొదలుపెట్టి సిలువ మీది దొంగ దాకా పోయాను. ఎనిమిదో మెట్టు దగ్గర ఉత్సాహం పట్టలేక, "భయపడకండి, వీడు చంపడు! మారుమనస్సు పొందుతాడు!" అనేశాను.

హాలంతా ఒక్కసారి ఉసూరుమంది. నడి బెంచీ నుంచి ఒక ఆడమనిషి గొంతు, చెంగమ్మది, గోడలు అదిరేలా లేచింది.

"ఓయప్పా మైకాయనా! ఆయన ఎక్కేది మాకు అగపడతానే ఉండాది గదా! నువ్వు గూడా యాడికి ఎక్కుతా ఉండావు? దిగు!"

నవ్వులు, ఈలలు. ఆ నవ్వుల్లో హంతకుడు మిగతా పదిహేను మెట్లూ ఎక్కింది ఎవరూ చూడలేదు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

చెంగమ్మ దేవసహాయం మేస్త్రీ దగ్గర ఇసుక మోసే మనిషి. మేస్త్రీ ఆ రోజుల్లో గుడియాత్తంలోనే ఒక అగ్గిపెట్టెల కార్ఖానాకు షెడ్డు కడుతున్నాడు. మరునాడు పొద్దున్నే కబురొచ్చింది. పోయాను. ఆయన గోడకు గుండు దారం వేలాడదీసి, నిలువుగా లేచిందా అని ఒక కన్ను మూసి చూస్తున్నాడు. నావైపు తిరగలేదు.

"జీవా, మన వాక్యాన్ని హంతకుడి బొమ్మకు పాడినావంట."

"అయ్యా, ఆ బొమ్మలో..."

"బొమ్మ చూడడు అని నీ కోసం నేను ఎంతమందితో చెప్పినానో తెలుసునా? ఇప్పుడు నా మొగం యాడ పెట్టుకునేది?" అప్పుడు ఇటు తిరిగాడు. కోపం కంటే నొప్పి ఎక్కువ ఉంది ఆ ముఖంలో. "నేను ఎవురో చెప్పింది విని తీర్పు చెప్పేవాణ్ణి కాదు. శనివారం మ్యాటినీకి నేనే వస్తా. ఆదివారం పొద్దున పెద్దల కూటం ఉండాది. నువ్వు ఆ వేదిక పక్కన నిలబడేదా వద్దా అనేది ఆడ తేలుస్తాం."

"నేను కాకపోతే మా అమ్మోళ్లకు ఎవరు చెప్తారయ్యా?"

"అది నువ్వు మైకు పట్టుకోక ముందు అడగాల్సిన మాట నాయనా."

గురువారం ఆటలో మెట్ల దగ్గర తక్కువ మాట్లాడాను, అయినా నవ్వారు. శుక్రవారం పొద్దున మస్తాన్ భాయిని అడిగాను, మెట్ల దగ్గర నేను ఏం చెబితే బాగుంటుందని.

"నువ్వు రెండు రోజులు ఏం చెప్పినావో నాకు ఒక్క ముక్క గుర్తు లేదు" అన్నాడు. "వాని చెయ్యి గుర్తుండాది. కటకటాల మీద పెట్టి, తీసి, మళ్లీ పెట్టే చెయ్యి. నమాజుకు ముందు చెయ్యి కడుక్కునేటప్పుడు గూడా అదే గుర్తొస్తా ఉండాది."

ఆ మెట్లున్న రెండు రీళ్లను మళ్లీ వేసుకొని చూశాను, మైకు లేకుండా, తెరకు దగ్గరగా కూర్చొని. అప్పుడు తెలిసింది ఆ బొమ్మ తీసినవాళ్ల పనితనం! మొదటి మెట్ల దగ్గర కెమెరా అతని భుజం ఎత్తులో ఉంది. ఎక్కేకొద్దీ కెమెరా కొంచెం కొంచెంగా కిందికి దిగింది. చివరి మెట్లకు నేలను తాకుతోంది. అందుకే ఆ మెట్లు పోనుపోను కొండలవుతున్నాయి. ప్రసంగంలో గంట పట్టే సంగతిని మాట లేకుండా చెప్పేశారు. దాని మీద నేను వాగుతున్నాను! సంతోషంతో నవ్వొచ్చింది, సిగ్గుతో చెవులు కాలాయి, రెండూ ఒకేసారి.

కానీ శనివారం హాల్లో మేస్త్రీ ఉంటాడు. అక్కడ నేను నోరు మూస్తే ఆయనకు కనిపించేది తుపాకి పట్టుకున్న ఒక హంతకుడే. రెండు మంచి మాటలు చెబితే, వీడు సినిమా హాల్లో కూడా సువార్త చెబుతున్నాడని కనీసం మెత్తబడవచ్చు. మాట్లాడితే వేదిక దక్కవచ్చు. ఊరుకుంటే పోవచ్చు. మోకాళ్లూని ప్రార్థించాను. స్పష్టమైన జవాబేదీ రాలేదు.

శనివారం. తెల్ల చొక్కా, భుజాన కండువా, చర్చికి వచ్చినట్టే వచ్చాడు మేస్త్రీ. నడి బెంచీలో చివర కూర్చున్నాడు. చెంగమ్మ ఆయన్ని చూసి కొంగు కప్పుకుంది. రేకుల మీద సన్నగా వాన. నేను రెండు భాషల్లో కథ చెప్పుకుంటూ వచ్చాను, ఎంత కావాలో అంత. వేడినీళ్ల గిన్నె దాటింది. కబురు వచ్చింది. హంతకుడు మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

తెర మీద మాట ఆగింది. నా నాలుక లేవబోయింది. వేలితో మైకు నొక్కి ఆపేశాను. ఆ టిక్కు చప్పుడు హాలంతా వినిపించింది.

"మైకు పోయిందప్పోయ్!" అన్నాడొకడు.

"పోనీ రా, చూడు!" అంది చెంగమ్మ.

మూడు, నాలుగు, ఐదు. నీడలు ముఖం మీద పడుతున్నాయి. ఎనిమిదో మెట్టు. బుధవారం నేను కథ చెప్పేసిన చోటు. ఇప్పుడు వాడేం చేస్తాడో కొత్తవాళ్లకెవరికీ తెలియదు. వాన చప్పుడు, మిషను చప్పుడు, అంతే. తొమ్మిది. పది. తెలుగులో చెప్పమన్నవాడు లేడు, తమిళంలో చెప్పమన్నవాడు లేడు. బీడీ వెలిగించబోయిన చేతులు కూడా ఆగాయి. పద్నాలుగో మెట్టు దగ్గర రీలు అయిపోతుంది, రెండో మిషనుకు మార్చాలి. తెర మూలన గుర్తు చుక్క కనబడగానే మార్చకపోతే తెర తెల్లబడి అంతా పాడవుతుంది. మస్తాన్ భాయి మార్చాడు. కత్తితో కోసినట్టు అతికింది. పద్దెనిమిది. ఇరవై. మెట్లు కొండలయ్యాయి. ఇరవై మూడు. చెయ్యి తలుపు మీద.

లోపల దగ్గు.

తుపాకి జేబులోకి పోయింది. హాలంతా కలిసి వదిలిన ఊపిరి పైన నా గదిలోకి గాలిలా వచ్చింది. ఎవరో ఆడవాళ్లు ఏడుస్తున్నారు. నేనూ ఏడుస్తున్నాను. ఇంత ఆనందం నా పనిలో మళ్లీ నాకు దొరకలేదు.

ఆట విడిచాక మేస్త్రీ మా గదికి ఎక్కి వచ్చాడు. ఇనుప మెట్లు. ఒక్కొక్కటే నిదానంగా ఎక్కడం వినిపించింది. మస్తాన్ భాయి స్టూలు వేశాడు. ఆయన కూర్చోలేదు.

"జీవా, ఆ మెట్లు ఇరవై మూడు."

"అవునయ్యా."

"నలభై ఏండ్లుగా మెట్లు కడతా ఉండా. మెట్టు మెట్టుకీ ఎత్తు ఒకటే ఉండాది, నేను చూసినా. మరి పైకి పోయేకొద్దీ ఎత్తు పెరిగినట్టు ఎట్ల అగపడింది? చివరి మెట్లకు నా మోకాళ్లు నొచ్చినాయిరా!"

కెమెరా సంగతి చెప్పాను. చేతులతో చూపించాను, భుజం నుంచి నేల దాకా. ఆయన ఒక కన్ను మూసి, గుండు దారం చూసినట్టు నా చేతిని చూశాడు.

"ఓహో" అన్నాడు. "ఆడ నువ్వెందుకు మాట్లాడలేదు? నన్ను చూసి భయమా?"

"మిమ్మల్ని చూసి మాట్లాడాలనే అనుకున్నానయ్యా. బొమ్మను చూసి ఊరుకున్నా."

ఆయన కండువా సర్దుకొని దిగిపోయాడు. "మెచ్చుకున్నాడా, తిట్టినాడా?" అన్నాడు మస్తాన్ భాయి. నాకూ తెలియలేదు.

ఆదివారం పొద్దున పెద్దల కూటం. నన్ను బయట నిలబెట్టారు. కిటికీ తెరిచే ఉంది. ఒక పెద్ద లేచి, సినిమాలో నోరు పెట్టినవాడు వాక్యం ముట్టకూడదని గట్టిగా వాదించాడు. అందరూ మేస్త్రీ వైపు చూశారు.

"తీర్పు చెప్పేవాడు బయట ఉండాల" అన్నాడు దేవసహాయం మేస్త్రీ. "నేను లోపల ఉండా. నిన్న పోయి బొమ్మ మొత్తం చూసినా. లేచి రావాలనే పోయినా, లేవలేకపోయినా. వాణ్ణి తీసేస్తే నన్నూ తీసెయ్యండి."

ఆయన లేని మా సంఘాన్ని ఎవరూ ఊహించలేరు. ఆ చర్చి గోడలు కూడా ఆయన కట్టినవే. చివరికి ఒక షరతుతో నా చోటు నాకు మిగిలింది: థియేటరు మైకులో వాక్యం చదవకూడదు. సంతోషంగా ఒప్పుకున్నాను. ఆ షరతును అంతకు ముందు రోజే నేను నాకు పెట్టుకున్నాను.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు, బొమ్మ వేసేవాళ్లయినా, వాక్యం చెప్పేవాళ్లయినా, ఆ వారం నాకు నేర్పింది ఒకటే చెబుతాను. ఎదుటివాడు ఆగిన ప్రతిచోటూ మన కోసం ఆగింది కాదు. అక్కడ ఏదో ఒకటి జరుగుతూ ఉండవచ్చు. దాన్ని జరగనివ్వాలి. నేను అది ప్రసంగాల్లో నేర్చుకోలేదు, ఒక హంతకుడు మెట్లెక్కుతుంటే నేర్చుకున్నాను.

ఆ ఆదివారమే దొరగారు ప్రసంగం నడుమ, తన చనిపోయిన తమ్ముడి మాట వచ్చి, ఆగారు. అది తెలుగు చేయమని ఆగడం కాదు. గొంతు పూడుకుపోయింది. సంఘమంతా తలలెత్తి నావైపు చూసింది. మా అమ్మ కూడా. నేను నోరు తెరవలేదు. ఫ్యాను తిరిగే చప్పుడు కూడా వినిపించేంత నిశ్శబ్దం. అది అలా సాగుతూ ఉండగా, ముందు వరసలోంచి దేవసహాయం మేస్త్రీ రెండుసార్లు, పొడిగా, ఆ మేడ పై గది ముసలివాడిలా దగ్గాడు.

నేను ఆయన వైపు చూశాను. ఆయన పైకప్పు వైపు చూస్తున్నాడు.